వెబ్‌సైటును కంప్యూటరులో ప్రత్యేక యాప్‌గా అమర్చుకొను విధము

క్రోసూరు ప్రాంతమున ప్రత్తి, మిరప సాగుచేయు రైతులకు నేడు చేలో పనితోపాటు కంప్యూటరు పనియు తప్పనిదైనది. 1-బి, అడంగలు చూచుటకు ‘మీభూమి’, ఏటా మూడు విడతలుగా వచ్చు 6,000 రూపాయల వివరములకు ‘పీఎం కిసాన్’, మార్కెట్టు ధరలకు 2016లో ప్రారంభమైన ‘ఈ-నామ్’ గలవు. ఇవన్నియు వెబ్‌సైట్లే. పలువురు ప్రతిసారి గూగుల్‌లో పేరు కొట్టి, పైన కనబడినదానిని తెరచుచున్నారు. ప్రమాదమంతయు ఇచ్చటనే యున్నది. అసలు పేరును పోలిన నకిలీ సైటు అందు కన్పట్టవచ్చును. దానిలో ఆధార్ సంఖ్య, ఓటీపీ ఇచ్చినచో పంట సొమ్ము బ్యాంకు ఖాతానుండి పోవచ్చును.

సరియైన సైటును ఒక్కసారి గుర్తించి, దానిని యాప్‌గా అమర్చుకొనిన యెడల మరల వెదకవలసిన పని యుండదు. డెస్క్‌టాప్‌పై నున్న బొమ్మను నొక్కగనే ఆ సైటే ప్రత్యేకమైన కిటికీలో తెరచుకొనును.

యాప్‌లలో రెండు రకములు

మొదటి రకము బ్రౌజరు ద్వారా అమర్చుకొనునది. ఇది కాలువ తూమునుండి చేనికి నీరు పెట్టుకొనుట వంటిది. ఖర్చు లేదు, స్థలము స్వల్పముగా పట్టును. కాని కాలువ కట్టినచో నీరు రానట్లే, ఇంటర్‌నెట్ లేనిచో ఇట్టి ప్రభుత్వ సైట్లలోని కొత్త వివరములు రావు.

రెండవ రకము సొంత బోరు వంటిది. గిట్‌హబ్ సంస్థ 2013లో తయారుచేసిన ‘ఎలక్ట్రాన్’ అను సాధనముతో నిర్మించు యాప్‌లు ఇట్టివి. ఇందు ప్రతి యాప్ తనతోపాటు ఒక పూర్తి బ్రౌజరును మోసికొని వచ్చును. అందుచే ఒక్కొక్కటి 100 ఎంబీకి మించి స్థలము నాక్రమించుట సాధారణము. బోరు మోటారువలె దీనిని బాగుచేయుచుండవలెను. తయారుచేసినవారు కొత్త దిద్దుబాట్లు పంపుట మానినచో లోపలి బ్రౌజరు పాతబడి, దొంగలకు సందు దొరకును. పైన చెప్పిన సైట్లకు మొదటి రకమే చాలును.

అమర్చుకొను పద్ధతి

1. ముందుగా అడ్రసు సరిచూడవలెను. పై మూడు సైట్ల పేర్లును ‘డాట్ గవ్ డాట్ ఇన్’ అని ముగియును. ‘గవ్’ అను మాట పేరు నడుమ నున్నంత మాత్రమున నమ్మరాదు. పేరు ముగియు చోటనే చూడవలెను.

2. క్రోమ్ బ్రౌజరులో కుడివైపు పైనున్న మూడు చుక్కలను నొక్కి, ‘కాస్ట్, సేవ్ అండ్ షేర్’ అనుదానిలో ‘ఇన్‌స్టాల్ పేజ్ యాస్ యాప్’ ఎన్నుకొనవలెను. ఎడ్జ్ బ్రౌజరులో మూడు చుక్కల క్రింద ‘యాప్స్’ అను భాగమున నిట్టి సౌకర్యమే కలదు.

3. గుర్తుండు పేరు వ్రాసి ‘ఇన్‌స్టాల్’ నొక్కవలెను.

4. అక్కరలేనప్పుడు ఆ కిటికీలోని మూడు చుక్కలను నొక్కి ‘అన్‌ఇన్‌స్టాల్’ చేయవచ్చును. సైటులోని మీ వివరములకు దీనివలన నష్టము లేదు.

ఫోనులో క్రోమ్ మూడు చుక్కల క్రింద ‘యాడ్ టు హోమ్ స్క్రీన్’ అనునది ఈ పనియే చేయును.

తీసికొనవలసిన జాగ్రత్తలు

అడ్రసు సరిచూడక అమర్చినచో నకిలీ సైటునే ఇంట పెట్టుకొనినట్లగును. యాప్‌గా మారినంతనే నకిలీది అసలు కాబోదు.

పీఎం కిసాన్ పేరుతో వాట్సాప్‌లో వచ్చిన ‘ఏపీకే’ ఫైళ్లను ఫోనులో ఎక్కించుకొని సొమ్ము పోగొట్టుకొనినవారు గలరు. లేబులు లేని సంచిలోని ప్రత్తి విత్తనమును ఎవ్వరును చేలో వేయరు గదా! ఎవరు పంపినను అట్టి ఫైలును తెరువరాదు.

ఇతరుల కంప్యూటరులోను, నెట్ సెంటరులోను పని ముగిసిన పిదప తప్పక ‘లాగౌట్’ చేయవలెను. కిటికీ మూసినంత మాత్రమున లాగౌట్ కాదు. తరువాత వచ్చినవారు బొమ్మ నొక్కిన మీ ఖాతాయే తెరచుకొనవచ్చును.

ఒకవేళ మోసము జరిగినచో ఆలసింపక 1930 నంబరుకు ఫోను చేసి, బ్యాంకుకును తెలుపవలెను. ఎంత త్వరగా తెలిపిన సొమ్ము ఆగుటకు అంత అవకాశముండును.

కావున రైతులు ఒక తీరిక పూట చదువుకొనిన పిల్లలను ప్రక్కన కూర్చుండబెట్టుకొని, అడ్రసులు ఒకటికి రెండుసార్లు సరిచూచి, తమకు కావలసిన సైట్లను ఈ విధముగ అమర్చుకొనుట మేలు.