వెన్నుపాము వాపును గుర్తించుట



పక్షవాతమన్నంతనే మనకు తోచునది ఒకవైపు కాలును చేయియు పడిపోవుట. దాని మూలము సాధారణముగా మెదడులో నుండును. నేను నేడు మనవి చేయబోవునది వేరొకటి. భూపాలపల్లి బొగ్గుగనిలో పనిచేయు యువకునకైనను, మిరపచేనిలోని స్త్రీకైనను ఇది రావచ్చును. కొన్ని గంటలలోనో దినములలోనో రెండు కాళ్లును బరువెక్కి పట్టుదప్పును. బొడ్డునొద్దనో రొమ్మునొద్దనో గీత గీచినట్లు, అచ్చటినుండి క్రిందికి స్పర్శ మందగించును. మూత్రము బిగియును. ఇంటివారు నడుము పట్టినదని తైలము రాయుచుందురు. కాళ్ల బలహీనతతో మూత్రము కూడ బిగిసినచో అది వట్టి నడుమునొప్పి కాదు, ఆనాడే బయలుదేరవలయును.

రోగక్రిములనుండి మనలను కాపాడవలసిన రక్షకశక్తియే దారితప్పి వెన్నుపాముపై బడుటచే ఈ వాపు కలుగును. కావలివాడే యింటివారిని కొట్టినట్లన్నమాట.

అయినను వైద్యుడు వెంటనే ఈ పేరు పెట్టడు. వెన్నుపూసకు క్షయ పట్టినను, గడ్డ యొత్తినను ఇవే లక్షణములు కనబడును; వాని చికిత్స వేరు, ఒక్కొక్కప్పుడు శస్త్రచికిత్సయే కావలెను. కనుక మొదట ఎం.ఆర్.ఐ. చిత్రము తీయింతురు. ఎక్స్‌రే యెముకను జూపును గాని వెన్నుపామును జూపదు. ఎక్స్‌రే బాగున్నదని నెమ్మదిపడి యింట కూర్చుండరాదు.

పిమ్మట నడుమునుండి నీరు తీసి పరీక్షింతురు. సూది గ్రుచ్చినచో ఉన్న కాళ్లును పోవునని మనవారికి గొప్ప భయము. పెద్దవారిలో వెన్నుపాము నడుము మొదటి, రెండవ పూసలయొద్దనే ముగియును; సూది వేయునది అంతకు దిగువను. ఆ నీటిలో తెల్లకణములు హెచ్చినవా, క్రిములున్నవా యని చూతురు.

కంటిచూపు మందగించుటయు, వెన్నుపాము వాపును కలిసి వచ్చు వ్యాధిని ఫ్రాన్సు దేశపు వైద్యుడు డెవిక్ 1894లో వర్ణించెను. దానిని తెలుపు ప్రతిరక్షకము రక్తములో నున్నదని 2004లో గాని తేలలేదు. ఈ రక్తపరీక్ష ముఖ్యము. ఏలయన, దీనిని పోలిన మరియొక నరములవ్యాధికిచ్చు మందులు కొన్ని దీనికి హాని చేయును. ఈ వ్యాధి తిరుగబెట్టునది. నడక వచ్చినదని మందు మానరాదు.

చికిత్స మొదట మిథైల్ ప్రెడ్నిసొలోన్, సాధారణముగా దినమునకు 1 గ్రాము చొప్పున 3 నుండి 5 దినములు నరములోనికి. లొంగనిచో రక్తములోని ప్లాస్మాను మార్చెదరు.

వరంగల్లు మహాత్మాగాంధీ స్మారక వైద్యశాలకో, హైదరాబాదులోని నిమ్సునకో రోగిని పంపునప్పుడు గ్రామపెద్దలు ఒక కాగితముపై వ్రాసి యీయుడు: కాళ్లు ఏనాడు, ఏ వేళ తగ్గినవి, మూత్రము ఎప్పుడు బిగిసినది, ముందు జ్వరము వచ్చెనా, ఎన్నడైన కన్ను మసకబారెనా.