నీళ్లు తాగే కారు

“మా బండి కొంచెం నీళ్లు తాగుతుందండీ, వారానికి చెంబెడు పోస్తే చాలు” అనే మాట మనలో కార్లున్న కుటుంబాలలో తరచు వింటూ వుంటాము. కారు నీళ్లు తాగదు. రేడియేటరులో నీరు తగ్గినదంటే బయటికైనా కారుతూ వుండాలి, యింజను లోపలికైనా పోతూ వుండాలి. ఈ రెంటిలో యేదో తేల్చుకోకుండా పిల్లలతో, పెద్దలతో తిరుమల ఘాటురోడ్డు యెక్కడం మంచిది కాదు.

పెట్రోలు మండగా పుట్టే వేడిలో సుమారు మూడవవంతును ఈ నీరే మోసుకొని పోవాలి. రేడియేటరు మూత కూడా వట్టి మూత కాదు. లోపలి వత్తిడిని నిలిపి వుంచుతుంది. 100 డిగ్రీలకు మరిగే నీరు, వత్తిడి రెట్టింపైతే 120 డిగ్రీలదాకా మరగదు. చిల్లిపడితే నీటితోపాటు ఆ వత్తిడీ పోతుంది. వేడిమీద మూత తీస్తే మరిగే నీరు మొగముమీదికి చిమ్ముతుంది గనుక, యే పరీక్ష అయినా బండి పూర్తిగా చల్లారిన తరువాతనే.

ముల్లును చూసి ధైర్యపడేవారికి ఒక మాట. వేడిని కొలిచే సాధనము నీటిలో మునిగి వుంటేనే సరిగా చెప్పుతుంది. నీరు అడుగంటితే, యింజను కాలిపోతున్నా ముల్లు కిందికి దిగవచ్చు. పైకిపోయిన ముల్లు హఠాత్తుగా పడిపోతే బండి ఆపవలసినదే.

బయటి కారుడు తెలుసుకోవడం సులభము. రాత్రి బండి కింద అట్ట పరచి, తెల్లవారి చూడాలి. గొట్టాల క్లిప్పులు, వాటర్ పంపు అడుగు రంధ్రము, రేడియేటరు అంచులు – యెండిన రంగు మరకే సాక్ష్యము. ఏసీ నీరు వేరు, దానికి రంగూ జిడ్డూ వుండవు. కూలెంటు తియ్యగా వుంటుంది, కాని విషము. పిల్లలున్న యింట వెంటనే కడిగివేయాలి.

బయట మరక లేక నీరు మాత్రము తగ్గుతూ వుంటే హెడ్ గాస్కెట్టును అనుమానించాలి. చల్లని యింజను మూత తీసి స్టార్టు చేస్తే నీటిలో బుడగలు ఆగకుండా రావడం, స్టార్టు చేసిన కొద్దిసేపటికే గొట్టము రాయిలా బిగియడం, యింజను వేడెక్కిన తరువాతకూడా తెల్లపొగ ఆగకపోవడం, డిప్‌స్టిక్కుమీద ఆయిలు పాలకాఫీ రంగుకు తిరగడం దాని గురుతులు. ఒక్క గురుతుతో తీర్పు చెప్పరాదు. షెడ్డులో నీలిరంగు ద్రావకముతో పరీక్ష వున్నది; పెట్రోలు పొగ రేడియేటరులోకి వస్తూ వుంటే అది పసుపుకు మారుతుంది. కంప్రెషన్ పరీక్షలో పక్కపక్క సిలిండర్లు రెండూ బలహీనముగా వుంటే, వాటి నడుమ గాస్కెట్టు పోయి వుండవచ్చు.

2014లో తయారీ ఆగిపోయిన అంబాసిడరు పాత యింజనులో హెడ్డు పోతయినుముది, కొంత మొరటుతనము భరించేది. నేటి కార్లలో అల్యూమినియము హెడ్డులు, అతివేడికి వంగుతవి. మాకు తెలిసిన ఒక షెడ్డులో హెడ్డు వంపు చూడకుండానే కొత్త గాస్కెట్టు బిగించారు. నెల తిరగకముందే మళ్లీ అదే పొగ, మళ్లీ బిల్లు. పాత ఫైలు తిరగవేయకుండా కొత్త కాగితము మీద సంతకము చేసినట్లు! హెడ్డుమీద ఉక్కుబద్ద నిలిపి, సందులో ఫీలర్ గేజి రేకు దూరుతుందేమో మన యెదుట చూడమని అడగడములో తప్పులేదు. మొదట నీరు కారిన చోటును బాగుచేసినదీ లేనిదీ కూడా అడగాలి.

ఆయిలులో నీరు కలిసినట్లు తెలిస్తే మాత్రము బండిని షెడ్డుదాకా నడపరాదు. నీరు కలిసిన ఆయిలు బేరింగులను కాపాడలేదు. ఆ బండిని లాగించుకొని పోవలసినదే.