మీకు తెలుసా? ఒక్క వేలితో మోటౌన్‌ను మోగించాడు!

1960లలో అమెరికాలోని డెట్రాయిట్ నుంచి వచ్చిన మోటౌన్ రికార్డు సంస్థ హిట్ పాటల్లో చాలావాటికి బేస్ గిటార్ వాయించింది జేమ్స్ జేమర్సన్ (1936–1983).

• తీగలు మీటడానికి ఆయన వాడింది కుడిచేతి చూపుడు వేలు ఒక్కటే. తోటివాళ్లు దానికి ‘ది హుక్’ అని పేరు పెట్టారు.

• తీగ తెగితే తప్ప మార్చేవారు కాదు. పాత తీగల మందమైన నాదమంటేనే ఇష్టం. మోత ఎక్కువసేపు సాగకుండా తీగల కింద స్పాంజి ముక్క ఉండేది.

• ఆ రోజుల్లో మోటౌన్ తన రికార్డుల అట్టల మీద వాద్యకారుల పేర్లు వేసేది కాదు. పాటలు ఊరూరా మోగినా, వాయించిందెవరో శ్రోతలకు తెలియదు. 1971లో గాయకుడు మార్విన్ గే ఆల్బమ్ ‘వాట్స్ గోయింగ్ ఆన్’ మీద జేమర్సన్ పేరు అచ్చయింది.

• 2000లో, మరణానంతరం, రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కింది.