బిందెడు నీళ్ళతో పెరటి పూలు నిలిచేదెలా?

బెల్లంకొండ: ఉగాది పచ్చడికి వేపపువ్వు దులిపే రోజులకే పల్నాటి పల్లెల్లో ఎండ ముదురుతుంది. కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా ఎండుతుంటాయి. సరిగ్గా అప్పుడే ఇళ్ళ ముందు గుండుమల్లె మొగ్గ తొడుగుతుంది. సాయంత్రానికి దోసెడు మొగ్గలు చేతికొస్తే ఇంటిల్లిపాదికీ సంతోషమే. కాని ఆ మల్లె పాదుకు పోయడానికి బిందెడు నీళ్ళు ఎక్కడినుంచి తేవాలన్నదే ఇల్లాలి బెంగ.

బెల్లంకొండ మండలం వారికి కృష్ణానది దూరమేమీ కాదు. మండలం అంచునే పులిచింతల ప్రాజెక్టు ఉంది. 45.77 టి.ఎం.సి.ల నిల్వ సామర్థ్యంతో కట్టి 2013లో ప్రారంభించిన ఈ ప్రాజెక్టు ముఖ్యంగా కృష్ణా డెల్టా ఆయకట్టును నిలబెట్టడానికి ఉద్దేశించినది. దానికోసం ఊళ్ళు వదిలిన కుటుంబాలు కొత్త చోట ఇళ్ళతోపాటు పెరళ్ళను కూడా మొదటినుంచి వేసుకోవలసి వచ్చింది. చెంతనే అంత నీరున్నా పెరటి మొక్కకు మాత్రం కుళాయి, బోరు, వంటింటి నీళ్ళే దిక్కు.

అయితే వేసవి తొలినాళ్ళలో మొక్కలు దెబ్బతినేది ఒక్క నీటి కరువువల్లనే కాదు. మన నేల గుణం తెలియక చేసే పనులవల్ల కూడా చాలా మొక్కలు పోతున్నాయి. ఉత్తరాభాద్ర, రేవతి, అశ్వని కార్తెలు, అంటే మార్చి మధ్యనుంచి ఏప్రిల్ చివరిదాకా, కాస్త మెలకువగా ఉంటే రోహిణి ఎండలను కూడా మొక్క తట్టుకోగలదు. అందుకు ఎక్కువ నీళ్ళు అక్కరలేదు. ఉన్న నీళ్ళను ఎప్పుడు, ఎలా పోయాలో తెలిస్తే చాలు.

పసుపు ఆకు దాహం కాదు

మందారం, మల్లె, గులాబి, నూరువరహాల చెట్ల చిగుళ్ళు పసుపు పచ్చగా మారడం ఈ ప్రాంతంలో తరచు కనబడేదే. అది చూడగానే నీళ్ళు చాలలేదని ఇంకో రెండు చెంబులు పోస్తారు. లేదా చేనికి తెచ్చిన యూరియా గుప్పెడు వేస్తారు. రెండూ పొరపాటే.

పల్నాడు సున్నపురాతి నేల. పక్కనున్న పిడుగురాళ్ళలో సున్నపు బట్టీలు వెలసింది ఈ రాతివల్లనే. మన ఇళ్ళ అరుగులకు పరిచిన నాపరాళ్ళూ ఈ జాతివే. ఇలాంటి నేలలో ఇనుము ఉన్నా, సున్నం ఎక్కువగా ఉండటంవల్ల అది నీటిలో కరగదు. కరగనిదాన్ని వేరు పీల్చుకోలేదు. ఇనుము అందక ఆకులో పచ్చదనం తయారు కాదు. బోరు నీళ్ళు కాచిన గిన్నె అడుగున తెల్లని పొర కడుతుంటే ఆ నీళ్ళలోనూ సున్నం ఉందని గుర్తు. ఆ నీళ్ళే పదేపదే పోసి పాదు ఎప్పుడూ తడిగా ఉంచితే జబ్బు ఇంకా ముదురుతుంది.

దీన్ని గుర్తుపట్టడం తేలిక. కొత్త చిగురు పసుపుగా ఉండి, ఆకు ఈనెలు మాత్రం పచ్చగా కనిపిస్తే అది ఇనుము లోపం. అలా కాక అడుగున ఉన్న ముదురాకులు ఈనెలతో సహా పండిపోతుంటే అది నత్రజని లోపం కావచ్చు, ఆకు వయసు అయిపోయి కూడా కావచ్చు. ఆకు పచ్చగానే ఉండి వాడి వేలాడుతూ, సాయంత్రం చల్లబడ్డాక కూడా తేరుకోకపోతే అప్పుడు నేల తడి చూసుకోవాలి.

ఇనుము లోపానికి మందు ఖరీదైనది కాదు. లీటరు నీటిలో 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి సాయంత్రం పూట ఆకులు తడిసేలా పిచికారీ చేయాలి. వారం పది రోజుల తేడాతో రెండు మూడుసార్లు చేస్తే చిగురు పచ్చబడుతుంది. కలిపిన మందు నిల్వ ఉంచకుండా అప్పటికప్పుడే వాడాలి. గుడ్డల మీద, అరుగు మీద పడితే తుప్పు మరక పడుతుంది, జాగ్రత్త. పెరట్లో ఎక్కువ మొక్కలు ఉన్నవారు చేని మట్టితోపాటు పెరటి మట్టికి కూడా భూసార పరీక్ష చేయించుకుంటే మంచిది. ఉదజని సూచిక 8 దాటితే ఇలాంటి ఇబ్బందులు ఎక్కువగా ఉంటాయి.

ఏ నీళ్ళు ఏ మొక్కకు?

బియ్యం కడిగిన నీళ్ళు, కూరగాయలు కడిగిన నీళ్ళు ఏ మొక్కకైనా పోయవచ్చు. సబ్బు పొడితో గుడ్డలు ఉతికిన నీళ్ళు పూలమొక్కలకు పనికిరావు. అందులోని సోడా మన నేలలో ఉన్న చెడును పెంచుతుంది. కట్టెల పొయ్యి బూడిద మంచి ఎరువని పాదుల్లో కుమ్మరించే అలవాటు కొందరికి ఉంది. సున్నపు నేలకు అదీ సరిపడదు. నీళ్ళు శుద్ధిచేసే యంత్రం బయటికి వదిలే నీళ్ళలో ఉప్పులు చిక్కబడి ఉంటాయి కనుక వాటినీ లేత మొక్కలకు పోయకూడదు. స్నానాల నీళ్ళు కొబ్బరి, అరటి పాదుల వైపు మళ్ళించుకోవచ్చు.

రోజూ పైపైన చిలకరించడంకంటే, నేలలో నాటిన మొక్కకు రెండు మూడు రోజులకొకసారి పాదు నిండా పోయడం మేలు. పైపైన తడి తగిలితే వేర్లు పైనే తిరుగుతాయి. ఎండకు పైమట్టి కాగితే మొదట మాడేవి ఆ వేర్లే. లోతుగా తడిస్తే వేరు చల్లని మట్టిలోకి దిగుతుంది. వేలు రెండు కణుపులు మట్టిలోకి గుచ్చి చూసి, తడి తగిలితే ఆ రోజుకు నీళ్ళు మానుకోవచ్చు. పొద్దు పొడవకముందు గాని, ఎండ వాలిన తరువాత గాని పోస్తే నీరు వృథాగా ఆవిరి కాదు.

పాదులో వరిగడ్డి, వేరుశనగ పొట్టు, రాలిన ఆకులు నాలుగు వేళ్ళ మందాన పరిస్తే తడి ఎక్కువ రోజులు నిలుస్తుంది. కాండానికి మాత్రం తగలకుండా జానెడు దూరం వదలాలి. లేకపోతే చెదలు పట్టే భయం ఉంది. పచ్చిపేడ వేయరాదు, అదీ చెదలను పిలుస్తుంది. బాగా చివికిన పశువుల ఎరువే వాడాలి.

ఇంకో పాత పద్ధతి ఉంది. కాల్చిన మట్టి కుండను మెడదాకా పాదు పక్కన పాతిపెట్టి, నీళ్ళు నింపి మూత పెడితే కుండ గోడలనుంచి తడి కొద్దికొద్దిగా ఊరుతుంది. రంగు వేసిన కుండ, నునుపు పూత ఉన్న కుండ ఇందుకు పనికిరావు. మూత తప్పనిసరి. లేకుంటే అదే దోమలకు ఇల్లవుతుంది. కుండీల కింద పెట్టిన పళ్ళేల్లో నీళ్ళు కూడా వారానికొకసారి పారబోసి ఆరనివ్వాలి.

అరుగు మీది కుండీలు

మధ్యాహ్నం నాపరాతి అరుగు మీద కాలు పెట్టలేం. అదే అరుగు మీద పెట్టిన కుండీలోని వేర్లకు ఆ వేడి అడుగునుంచి తగులుతుంది. నల్ల ప్లాస్టిక్ కుండీ అయితే చుట్టూ కూడా కాగుతుంది. కుండీ కింద రెండు ఇటుకలు పెట్టి ఎత్తు చేసి, చుట్టూ తడి గోనెపట్టా కడితే చాలా వేడి తగ్గుతుంది. కుండీలను విడివిడిగా కాక దగ్గర దగ్గరగా జరిపితే ఒకదాని నీడ ఇంకొకదానికి తగులుతుంది. కుండీలో మట్టి తక్కువ కనుక వీటికి దాదాపు రోజూ నీళ్ళు కావాలి. నేల మొక్కలకు ఆదా చేసిన నీళ్ళు ఇక్కడ అక్కరకొస్తాయి.

పూల సంగతి

గుండుమల్లె ఎండను కోరే మొక్క. నీడన పెడితే ఆకు పెరుగుతుంది కాని మొగ్గ రాదు. పూలు కొత్త కొమ్మలకే వస్తాయి కనుక, గట్టి కత్తిరింపులు చలికాలంలోనే ముగించాలి. ఇప్పుడు చేయవలసింది ఒక్కటే. ఒక విడత పూలు అయిపోగానే కొనలు రెండంగుళాల మేర తుంచితే పక్క కొమ్మలు వచ్చి మళ్ళీ మొగ్గ పడుతుంది.

మందారానికి మొగ్గలు రాలిపోతుంటే నీళ్ళు ఒకరోజు ఎక్కువ, నాలుగు రోజులు అసలే లేకుండా పోస్తున్నారేమో చూసుకోవాలి. కనకాంబరానికి మధ్యాహ్నపు నీడ కావాలి. గులాబికి ఉదయపు ఎండ చాలు. దేవగన్నేరు ఆకు రాల్చి మోడుగా ఉందని జాలిపడి నీళ్ళు పోయకండి. అలాగే పూస్తుంది, తడి ఎక్కువైతే కాండం కుళ్ళుతుంది. కాగితపు పూల తీగ కొంత నీటి ఎద్దడి ఉన్నప్పుడే విరగబూస్తుంది. చంద్రకాంత పైన ఎండినా నేలలో దుంప ఉండి వానలకు మళ్ళీ లేస్తుంది. నీళ్ళు బొత్తిగా కరువైన ఇళ్ళవారు ఇలాంటి మొండి మొక్కలను నమ్ముకుంటే పెరడు బోసిపోదు.

ఆకుల అందం

పూలతోపాటు ఆకు కూడా ఇంటికి కళ తెస్తుంది. క్రోటన్ల ఆకులకు రంగులు రావాలంటే వెలుతురు కావాలి, కాని పడమటి ఎండ తగిలితే ఆకు మాడి మచ్చలు పడతాయి. తూర్పు వైపు ఉంచడం మంచిది. తమలపాకు తీగకు, మనీప్లాంటుకు నీడే బలం. పాత నూలుచీర ఒకటి నాలుగు గుంజలకు కట్టినా ఆ పూటకు నీడ దొరుకుతుంది. తులసి వెన్నులు ముదరకముందే గిల్లేస్తే మొక్క గుబురుగా ఉంటుంది. మరువాన్ని, కరివేపాకును కొనలు తుంచుతూ వాడుకుంటే కొత్త చిగురు వస్తుంది.

చేని మందు పెరట్లో వద్దు

మిరప పండించే ఇళ్ళలో పురుగుమందు డబ్బాలు మిగిలి ఉండటం మామూలే. మల్లెకో, మందారానికో పురుగు కనబడగానే అదే మందు కాస్త కొట్టేవారున్నారు. ఇది ప్రమాదం. సాయంత్రం తల్లో పెట్టుకునే పూలవి. ఆ పక్కనే ఉన్న కరివేపాకు కూరలోకి, తులసి నోట్లోకి వెళ్ళేవి. పిల్లలు ఆడుకునే చోటు అది. పూల మీద వాలే తేనెటీగలకూ ఆ మందు ముప్పే. ఖాళీ డబ్బాలను కడిగి మొక్కలకు నీళ్ళు పోయడానికి వాడటం కూడా మానుకోవాలి.

మందారం కొనలకు తెల్లని దూదిలా పట్టేది పిండినల్లి. మొదట పట్టిన కొమ్మను తుంచి దూరంగా నాశనం చేస్తే సగం పని అయినట్టే. మిగిలినదాన్ని నీటి ధారతో కడిగి, లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బు నీళ్ళు కలిపి సాయంత్రం చల్లాలి. ముందు రెండాకుల మీద చల్లి, మరునాటికి మాడలేదని చూసుకున్నాకే మొక్కంతా తడపాలి. చీమలు బారులు కట్టి ఎక్కుతుంటే పిండినల్లి ఉన్నట్టే లెక్క. ఆకు అడుగున సన్నని బూజు గూడు, పైన తెల్లని చుక్కలు కనబడితే అది ఎర్రనల్లి. ఎండ ముదిరేకొద్దీ పెరుగుతుంది. ఆకుల అడుగు భాగాన్ని నీళ్ళతో కడుగుతుంటే చాలావరకు అదుపులో ఉంటుంది.

గన్నేరుతో జాగ్రత్త

మన నేలకు, మన ఎండకు గన్నేరును మించిన మొక్క లేదు. కాని ఆకునుంచి వేరుదాకా అది విషమే. పచ్చగన్నేరు కాయల్లో పప్పు మరీ ప్రమాదకరం. వేసవిలో పచ్చిమేత దొరకదు. అలాంటప్పుడు కత్తిరించి పారేసిన గన్నేరు కొమ్మలకు మేకలు, దూడలు మూతి పెడతాయి. ఎండిన ఆకులో కూడా విషం పోదు. కొమ్మలు నరికిన రోజే గొయ్యి తీసి పూడ్చిపెట్టాలి. వాటిని పొయ్యిలో పెట్టకూడదు, పొగ కూడా మంచిది కాదు. పసిపిల్లలున్న ఇంట్లో పచ్చగన్నేరు లేకపోవడమే మంచిది.

మృగశిర దాకా ఓపిక

కడియం నర్సరీల మొక్కలు బండ్ల మీద ఊళ్ళోకి వస్తే పూలు చూసి మనసు లాగుతుంది. కాని ఈ ఎండల్లో కొత్త మొక్క నాటితే వేరు కుదురుకోకముందే వడదెబ్బ తగులుతుంది. కొన్నవారు సంచితోనే నీడన ఉంచి, జూన్‌లో మృగశిర కార్తె వచ్చి తొలి వాన పడ్డాక నాటుకోవాలి. గొయ్యి మాత్రం ఇప్పుడే తీసి ఎండనిస్తే మంచిది. కుండీ మార్చడం, వేర్లు కదపడం, మొదలంటా నరకడం కూడా అప్పటిదాకా వాయిదా వేయాలి.

వానలు పడ్డాక మందారం, నందివర్ధనం, మల్లె కొమ్మలు తేలిగ్గా నాటుకుంటాయి. డబ్బు పెట్టి కొననక్కరలేదు. ఒక ఇంట్లో బతికిన మొక్క పది ఇళ్ళకు కొమ్మలు ఇస్తుంది. కాబట్టి ఈ రెండు నెలలు పెరట్లో ఒక్క మల్లె పాదును కాపాడినా వచ్చే ఏడాదికి వీధంతటికీ పూలు ఉంటాయి. దానికి కావలసింది మూడు రోజులకు ఒక బిందె నీళ్ళు, పాదులో ఇంత గడ్డి, చిగురు రంగు గమనించే కన్ను.