ప్రియాన్ జబ్బు: నయం కాదని తెలిసీ పరీక్షలు ఎందుకు?

సంక్రాంతికి పంట లెక్కలు నోటితోనే చెప్పిన పెద్దాయన హోలీ నాటికి సొంత వాకిలిని గుర్తుపట్టడు. నడక తూలుతుంది. చిన్న చప్పుడుకే ఒళ్లంతా ఉలిక్కిపడుతుంది. అచ్చంపేట పల్లెల్లో అలాంటి మనిషిని చూసి ‘గాలి సోకింది’ అనేవాళ్లుంటారు, ‘వయసు మీదపడింది’ అని సరిపెట్టుకునేవాళ్లూ ఉంటారు. రెండు మాటలూ రోగికి చేటే.

వయసు మతిమరుపు, అల్జీమర్స్ సాధారణంగా ఏళ్ల మీద ముదురుతాయి. వారాల్లోనే మనిషి మారిపోతే వైద్యులు అనుమానించే జబ్బుల్లో క్రూట్జ్‌ఫెల్ట్-జాకబ్ వ్యాధి (సీజేడీ) ఒకటి. మెదడులో సహజంగా ఉండే ప్రియాన్ ప్రొటీన్ మడత తప్పి, పక్కనున్న మంచి ప్రొటీన్లనూ తన దారి పట్టిస్తుంది. బ్యాక్టీరియా కాదు, వైరస్ కాదు, వట్టి ప్రొటీన్! పరిశోధకుడు స్టాన్లీ ప్రూసినర్ ఈ మాట అన్నప్పుడు చాలామంది శాస్త్రవేత్తలే నమ్మలేదు. 1997లో ఆయనకు నోబెల్ వచ్చింది.

‘ఇది విదేశీ జబ్బు, మన దగ్గర లేదు’ అనే ధీమాకూ ఆధారం లేదు. 1971–1990 మధ్య భారత్‌లో కనిపించిన కేసులపై బెంగళూరు నిమ్‌హాన్స్ వైద్యులు 1991లోనే పరిశోధన పత్రం ప్రచురించారు. ప్రపంచ లెక్క ప్రకారం ఏటా పది లక్షల మందిలో ఒకరిద్దరికి వస్తుంది. 2011 జనగణన నాటికి తెలంగాణ జనాభా సుమారు 3.5 కోట్లు. అంటే ఏడాదికి 35 నుంచి 70 మంది ఉండొచ్చు. వారిలో ఎందరు పేరులేని జబ్బుతోనే పోతున్నారో!

‘మాంసం తింటే వస్తుంది’ అన్న భయం బ్రిటన్‌లో పుట్టింది. పిచ్చి ఆవు వ్యాధి సోకిన పశుమాంసంతో ముడిపడిన మరో రకం సీజేడీ అక్కడ 1996లో బయటపడింది. కానీ మొత్తం కేసుల్లో దాదాపు 85 శాతం ఏ బయటి కారణమూ లేకుండా, ఎక్కువగా అరవై దాటాక వచ్చేవే. మిగిలినవాటిలో చాలావరకు జన్యు లోపంతో వచ్చేవి. గొర్రెలకు వచ్చే స్క్రేపీ మనుషులకు సోకినట్టు రుజువు లేదు. కాబట్టి గొర్రెల మందలకు పేరున్న పాలమూరు బిడ్డలు మటన్ మానేయక్కర్లేదు. రోగికి అన్నం తినిపించినా, స్నానం చేయించినా అంటుకోదు. మెదడు శస్త్రచికిత్స పరికరాల విషయంలో మాత్రం ఆసుపత్రులు ప్రత్యేక జాగ్రత్త తీసుకోవాలి, మామూలు మరిగింపుకు ప్రియాన్ లొంగదు.

‘సీటీ స్కాన్ బాగుంది, ఇంకేం లేదు’ అనేది మరో పొరపాటు. సీటీలో సీజేడీ తరచూ కనపడదు. డిఫ్యూజన్ ఎంఆర్ఐలో మెదడు పైపొర, లోపలి కేంద్రకాలు తెల్లగా వెలిగి పట్టిస్తాయి. ఈఈజీ, వెన్నునీటిలో 14-3-3 ప్రొటీన్ పరీక్ష అనుమానాన్ని బలపరుస్తాయి. ఆర్‌టీ-క్విక్ అనే పరీక్ష మడత తప్పిన ప్రియాన్‌నే పట్టుకుంటుంది. నూటికి నూరుపాళ్లు తేల్చేది మాత్రం మెదడు కణజాలమే.

అసలు పెద్ద అపోహ చివరిది: ‘మందే లేనప్పుడు పరీక్షలెందుకు, డబ్బు దండగ.’ సీజేడీకి మందు లేని మాట నిజం. చాలామంది ఏడాదిలోపే చనిపోతారు. అయితే అచ్చం ఇలాగే కనిపించే ఆటోఇమ్యూన్ ఎన్‌సెఫలైటిస్‌కు స్టిరాయిడ్లు, ఇమ్యునోగ్లోబ్యులిన్లు ఉన్నాయి. బి12 లోపానికి ఇంజెక్షన్లున్నాయి. మెదడు క్షయ, థైరాయిడ్ లోపం, తల లోపల గడ్డకట్టిన రక్తం, అన్నిటికీ చికిత్స ఉంది. పరీక్షలు చేసేది ముందుగా వీటిని వెతికేందుకే.

ఇంట్లో ఎవరికైనా వారాల్లోనే మతి, నడక తప్పుతుంటే తాయెత్తుల దగ్గర ఆగొద్దు. శ్రీశైలం రోడ్డెక్కి హైదరాబాద్‌లో న్యూరాలజిస్టుకు చూపించండి. ఏ లక్షణం ఏ తేదీన మొదలైందో కాగితం మీద రాసుకుని, పాత స్కాన్ ఫిల్ములు, మందుల చీటీలు వెంట తీసుకెళ్లండి.