అరకు వెళ్ళొచ్చాక జ్వరమా?

బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి జపాను పంపడానికి 1960లలో వేసిన రైలుమార్గమే ఇప్పుడు మనల్ని అరకు తీసుకెళ్తోంది. పొద్దున్నే రైలెక్కి, సొరంగాలు దాటి, బొర్రా గుహలు, థింసా నాట్యం చూసి, బొంగులో కాల్చిన కోడికూర తిని, రాత్రికి ఇల్లు చేరవచ్చు. తప్పక వెళ్ళిరండి.

అయితే కోడికూర ఎముక దగ్గర పచ్చిగా ఉంటే మళ్ళీ కాల్చమనండి. కాచి చల్లార్చిన నీళ్ళు వెంట తీసుకెళ్ళండి. పొద్దు వాలగానే పిల్లలకు నిండు చేతుల చొక్కాలు తొడగండి. మన్యంలో మలేరియా దోమ చీకటివేళే కుడుతుంది. జ్వరం మాత్రం వారం, రెండు వారాలు ఆగి వస్తుంది. అప్పటికి ప్రయాణం సంగతి మరిచిపోతాం.

ఒకసారి మాట తడబడుతున్న యువకుణ్ణి నా దగ్గరికి తెచ్చారు. అయిదు రోజులుగా జ్వరం బిళ్ళలే మింగుతున్నాడు. ఎక్కడికైనా వెళ్ళాడా అంటే, "ఎక్కడికీ లేదండీ, రెండు వారాల కిందట అరకు, అంతే" అంది తల్లి. రక్తపరీక్షలో ఫాల్సిపరం మలేరియా తేలింది. అదృష్టవశాత్తూ బతికాడు.

వెళ్ళొచ్చిన నెలలోపు జ్వరం తగిలితే ఆ రోజే రక్తపరీక్ష చేయించండి. డాక్టరు అడగకపోయినా అరకు సంగతి మీరే చెప్పండి.