సలామ్ మనమే ముందు చెబుదాం

హజ్రత్ అబూబక్ర్ (రజి) తన పేద బంధువు మిస్తహ్ (రజి)ను పోషించేవారు. తన కుమార్తె హజ్రత్ ఆయిషా (రజి)పై పుట్టిన నిందను వ్యాపింపజేసిన వారిలో ఆయన కూడా ఉన్నారని తెలిసి, ఇక సాయం చేయనని ప్రమాణం చేశారు. అప్పుడు సూరా నూర్ 22వ ఆయత్ అవతరించింది. అల్లాహ్ క్షమాపణ కోరుకునేవారు బంధువులను మన్నించాలని అందులోని ఆదేశం. అబూబక్ర్ (రజి) వెంటనే సాయం తిరిగి మొదలుపెట్టారు, ఇక ఎన్నడూ ఆపనన్నారు.

మన ఇళ్లలో ఆస్తి పంపకం, పెళ్లి పిలుపు, పాత బాకీ... వీటితోనే అన్నదమ్ములు ఏళ్ల తరబడి మాట్లాడుకోరు. చివరికి జనాజా దగ్గర ఏడుస్తారు. అప్పుడు దుఆ చేయగలం గానీ, 'మాఫ్ చేశాను' అనే మాట ఆ నోట వినలేం.

మూడు రోజులకు మించి తోటి ముస్లింతో మాట మానరాదని, ముందు సలామ్ చెప్పినవారే మేలైనవారని దైవప్రవక్త (స) బోధించారు. పేద బంధువుకిచ్చే సదఖాకు రెండు పుణ్యాలన్నారు: దానానికొకటి, బంధుత్వానికొకటి.

దాతలారా, మీ విరాళాలతోనే మన సంస్థ నడుస్తోంది. అయినా మా మనవి ఒకటే. ఈ రంజాన్‌కు సదఖా జాబితా రాసేటప్పుడు, మాట్లాడని బంధువు పేరు మొదట రాయండి. డబ్బు పంపి ఊరుకోకండి, ఇంటికి వెళ్లి సలామ్ చెప్పండి.